జలపతి అడగని మాట

పెగడపల్లి రైతు జలపతికి ఊరంతా ఎరిగిన జబ్బు ఒకటుంది. ఆరా తీయడం. ఎడ్లు కొనాలంటే నాలుగు పశువుల అంగళ్లు తిరిగేవాడు. ఈలోపు పక్కవాళ్ల దుక్కులు అయిపోయేవి. పిల్లను చూడబోయే ముందు ఆ ఇంటి బావి నీళ్ల రుచి కూడా కనుక్కునేవాడు కాబట్టి ముప్పై రెండేళ్లకు గాని పెళ్లి కాలేదు. ఊరు నవ్వేది. తనది జాగ్రత్త అని ఆయన నమ్మకం.

తమ్ముడు జగదీశ్ గల్ఫ్‌లో, కూలీల క్యాంపులో చనిపోయాడని ఫోను వచ్చాక ఆ జాగ్రత్తే ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింది. తమ్ముడి గదిలో ఉండేవాడొకడు నిద్రలో పోయాడన్నాడు. ఇంకొకడు మెట్ల మీంచి పడ్డాడన్నాడు. కంపెనీ కాగితం గుండె ఆగిందంది. ఆ మాట ఒప్పుకుంటూ జగదీశ్ భార్య గీత సంతకం పెడితే వారంలో శవం వస్తుంది. లేదంటే విచారణ, అది ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. బావ జలపతి పెట్టమంటేనే పెడతానంది గీత.

జలపతి బస్సెక్కాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు ఎక్కడుంటే అక్కడికి పోయాడు. వెళ్లిన ప్రతిచోటా ఒక కొత్త కథ, ఇంకో ఫోను నంబరు. అలా నలభై రోజులు గడిచాయి.

దహనం కాకుండా గాజులు తీయరు. గీత ఆ గాజులతోనే తిరిగింది. బోళ్లు తోమేటప్పుడు చప్పుడు కాకుండా వాటికి గుడ్డ చుట్టుకునేది. ఒక మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి వచ్చిన జలపతి ఆ గుడ్డను చూశాడు.

"బావా, ఎట్ల పోయిండో తెలిస్తే మనిషి లేచొస్తడా? ఆడ చలిపెట్టెల పండుకునున్నడు. ఇగ తెప్పియ్యుండ్రి."

"కాగితం తే గీతా. సంతకం పెట్టు."

తమ్ముడు ఎలా పోయాడో ఇక ఎన్నటికీ తేలదని తెలిసే ఆ మాట అన్నాడు. అన్నాక గోడవైపు తిరిగి ఏడ్చాడు.

శవం వచ్చింది. దహనం అయింది, గీత గాజులు తీశారు. మూడోనాడు కాటి దగ్గర పిట్టకు, అంటే కాకికి, కూడు పెట్టారు. జగదీశ్ ఊళ్లో ఉన్నప్పుడు ఇష్టపడ్డవన్నీ పెట్టారు: మాంసం, గారెలు, కల్లు. కాకులు చెట్టు దిగలేదు. పిట్ట ముట్టలేదంటే పోయినవాడికి కోరిక మిగిలినట్టే.

"ఎట్ల సచ్చిండో తేల్చకపోతిరి. గందుకే ముడ్తలేదు" అన్నాడు కులపెద్ద బుచ్చయ్య.

అప్పుడే కబురు తెలిసి సిరిసిల్ల నుంచి గంగయ్య వచ్చాడు. జగదీశ్ ఉన్న క్యాంపులోనే పనిచేసి, రెండు రోజుల కిందటే సెలవు మీద ఇల్లు చేరినవాడు. జలపతి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గా దినం నేను ఆడ్నే ఉన్న. ఏమైందో చెప్తా."

నలభై రోజులు వెతికినా దొరకని, కళ్లారా చూసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. అందరూ దగ్గరికి జరిగారు. జలపతి గీత బోసిచేతుల వైపు చూశాడు.

"గా ముచ్చట చెప్పకు తమ్మీ. వింటే మల్ల నా తిరుగుడు మొదలైతది. ఒక్కటి చెప్పు. మావోడు ఆడ ఏం ఇష్టంగ తింటుండె?"

గంగయ్య కళ్లు నిండాయి. "సర్వపిండి అన్నా. శుక్రారం పనికి సుట్టి గదా, మా గదోళ్లందరికి తనే కాలుస్తుండె."

జగదీశ్ ఇంట్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి రాని మనిషి. గీత ఇంటికి వెళ్లి, బియ్యప్పిండి కలిపి సర్వపిండి కాల్చి తెచ్చి విస్తట్లో పెట్టింది. కాసేపటికి ఒక కాకి దిగి, అంచున మాడిన ముక్కను ఎత్తుకుపోయింది.

తమ్ముడి కోరిక అదేనా, లేక కాకికి ఆకలేసిందా? జలపతి ఎవరినీ అడగలేదు.