సైదులు బావ పేరు చెప్పి ఆ కొండకు పోకండి

నిన్న పొద్దున కోదాడ బస్టాండ్‌లో టీ తాగుతుంటే నేరేడుచర్ల నుంచి అక్క ఫోన్. ఏడుస్తూ ఒక్క మాటే చెప్పింది.

సైదులు బావ లేడు.

హార్ట్ ఎటాక్. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. మొన్న ఆదివారమే కదా, "వాగుకు నీళ్లొచ్చినయ్ రా" అని ఫొటో పంపాడు. ఎట్లా నమ్మాలి?

బావ రైస్ మిల్లులో ఆపరేటర్. నెలకోసారి సెలవు పెట్టి నల్లమలలో ఒక కొండ ఊరికి పోయేవాడు. పులుల అడవి గేటు పక్కనే. నాలుగు టీ కొట్లు, ఒక లాడ్జి, అంతే. వానకాలం, చలికాలం, నడి ఎండాకాలం, ఏదీ వదల్లేదు.

ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారం మీ కార్లన్నీ అక్కడే ఉంటాయి.

ఒకసారి మే నెలలో నన్నూ లాక్కుపోయాడు. వాగు ఎండిపోయింది. చెట్టుకు ఆకు లేదు. నాకు తిక్క లేచింది.

"ఏముంది బావా గీడ?"

"నీళ్లున్నప్పుడు అందరొస్తరు రా. ఎండినప్పుడు ఎట్లుంటదో జర సూడాలె గదా. ఎవ్వలుండరు, సల్లగ కూసోవచ్చు."

తిరిగొస్తుంటే గేటు దగ్గర ఒక కారాయన కోతులకు చిప్స్ వేసి, కవర్ రోడ్డు మీద పడేశాడు. బావ అది తీసి, కిటికీలోంచి ఆయన ఒళ్లో పెట్టి దండం పెట్టాడు. "మీదే సార్, మరిచిపోయిండ్రు." ఆయన మొహం తలుచుకుని మిర్యాలగూడ దాకా నవ్వుతూనే ఉన్నాను.

ఇప్పుడు నవ్వు రావట్లేదు. అసహ్యం వేస్తోంది.

నిన్న కాష్ఠం ఇంకా కాలుతూనే ఉంది. బావ ఫ్రెండ్స్ పక్కకు జరిగి ప్లాన్ వేస్తున్నారు. "సైదులు మెమరీల" ఆ కొండకు టూర్ అట. రెండు కార్లు, బీర్లు, బిర్యానీ. సూర్యాపేటలో ఫ్లెక్సీ కూడా చెప్పేశారు. వాగు పక్కన చెట్టుకు మేకులు కొట్టి కడతారట!

ఒకాయన నన్నే అడిగాడు, "వాగు కాడ సైదులు దిగిన ఫొటో ఉంటే పెట్టు తమ్మీ."

ఛీ. మనుషులేనా మీరు? ఇంకా స్నానమన్నా చేయలేదు కదయ్యా! పోయినప్పుడల్లా ఆయన సంచి నిండా ఏరిన సీసాలు మీలాంటోళ్లవే.

ఇంటికొచ్చి బావ ఫోన్ తెరిచాను. అన్నీ ఆ వాగు ఫొటోలే. నిండుగా, సగం, ఒట్టి రాళ్లు. ఒక్కదాంట్లో కూడా బావ లేడు.

అక్కకు చూపించాను. కొండకు పోయే ముందు ప్రతిసారీ బావ "వస్తవా" అని అడిగేవాడు. "గా కొండల ఏముందని" అని అక్క కసురుకునేది. ఒక్కసారీ పోలేదు.

అన్నీ చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఫ్లెక్సీ అన్నోన్ని నా గడప తొక్కనియ్యకు."

ఫోన్ నా చేతిలో పెట్టి, మెల్లగా, "ఎండలు ముదిరినంక నన్ను తీస్కపో తమ్ముడూ. అప్పుడైతే ఎవ్వలుండరు" అంది.

తీసుకుపోతాను. మీరు మాత్రం రాకండి.

పోయిరా బావా. నీ వాగు పక్కన ఏ చప్పుడూ లేకుండా సల్లగ కూసో.