నలభై మూడో బస్తా

నర్సీపట్నంలో జీడిపిక్కలు కొని లారీలకెత్తించే గోదాము నాది. మా ఆయన పోయాక పందొమ్మిది వేసవులు నేనే నడిపాను. బస్తాకు ఎనభై కిలోలు, లారీకి నూట ఇరవై అయిదు బస్తాలు, మొత్తం పది టన్నులు. అంకె అంత గుండ్రంగా రావడం నాకిష్టం. గుమ్మం దగ్గర కూర్చుని పలక మీద బస్తాకొక గీత గీసేదాన్ని. ఏనాడూ లెక్క తప్పలేదు.

ఎత్తే కళాసీలు నలుగురు. ఇద్దరు బస్తా లేపి మూడో మనిషి వీపు మీద పెడితే, అతను వంగి చెక్క మీదుగా లారీలోకి నడిచేవాడు. నాలుగో అతను లోపల పేర్చేవాడు. వీపున మోసే మనిషే వాళ్లలో పెద్దవాడు. కొయ్యూరు వైపు నుంచి వచ్చి నా దగ్గర పదకొండేళ్లు చేశాడు.

వైశాఖంలో ఒక మంగళవారం, పని మొదలుకాక ముందే నడుం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"బస్తాలు సగం సగం కట్టించండమ్మా. నడుం పట్టేసినాది. తిరిగితే కలుక్కుమంటంది."

అలాగైతే గీతలు రెండు వందల యాభై అవుతాయని, ఎక్కడో ఒకచోట తప్పుతాయని అన్నాను. లోపల పేర్చే అతను అందుకున్నాడు.

"ఊరుకో మావా. అమ్మగారి గీత తప్పితే సూరీడు పొడవడు. నీ నడుందేటుంది, కాసింత నూనె రాసుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నలభై రెండు దాకా బాగానే సాగింది. తర్వాతి బస్తాతో ఆ పెద్దాయన చెక్క చివరికి వెళ్లి, పాదాలు కదపకుండా నడుము మాత్రం తిప్పి దించబోయాడు. బస్తా జారింది. అతను మోకాళ్ల మీద కూలబడి అలాగే ఉండిపోయాడు. మిగతా ముగ్గురూ పరిగెత్తారు. నేను పలక పట్టుకునే లేచి, "ఇది లెక్కలోకొచ్చిందా?" అని అడిగాను.

ముగ్గురూ అతన్ని లేపడంలోనే ఉన్నారు. నా వైపు చూడనందుకు నాకు కోపం కూడా వచ్చింది. అతన్ని ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాకగాని, చేతిలో సుద్దముక్క ఇంకా ఉందని చూసుకోలేదు.

మర్నాటి నుంచి నలభై కిలోలే నింపించాను. లారీకి రెండు వందల యాభై గీతలు. ఒక్కటీ తప్పలేదు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేవబోతే భార్య భుజం పట్టి ఆపింది. ఎత్తుకోమని చేతులు చాచిన మనవరాలిని కూడా ఆమే పక్కకు తీసుకుంది. ఇక బరువెత్తకూడదన్నారట. తూకం దగ్గర కూర్చునే పని ఇస్తానన్నాను. తల ఊపాడు. తప్పు నాదేనని చెప్పాలని దారంతా అనుకున్నాను, కానీ జీతం ఎంతో చెప్పాను.

అతనే అడిగాడు.

"ఆ బస్తా ఏటి సేసారమ్మా?"

విప్పించి రెండుగా కట్టించానన్నాను.

"ఎంతసేపు పట్టిందేటి?"

గడియారం చూసే కట్టించాను కాబట్టి నాకు తెలుసు. నాలుగు నిమిషాలని చెప్పాను. అతను గోడవైపు తిరగబోయాడు. తిరగలేక కళ్లు మూసుకున్నాడు.