తప్పు లేని దువ్వెనలు

మా పిన్ని చెక్క దువ్వెనల కార్ఖానాలో పళ్ళు నునుపు చేసేది. వెనకాల అందరూ ఆమెను భూతద్దం అనేవారు. గరుకు కాగితంతో ప్రతి పంటి సందూ రుద్ది, నూనె గుడ్డతో తుడిచి, చివరికి దువ్వెనను తన చెంప మీద గీసుకుని చూసేది. ఎక్కడైనా చురుక్కుమంటే పక్కన పడేసేది.

ఆ దువ్వెనలు విదేశాలకు వెళ్ళేవి. మొదటి దేశం వాళ్ళు ఒక్కసారి కొని మళ్ళీ అడగలేదు. రెండో దేశం వాళ్ళు ఏడాదిన్నర కొన్నారు. మూడో దేశంలో మాత్రం మా సరుకు పదకొండేళ్ళు నిలిచింది. అక్కడి దుకాణం పెద్దావిడ ఒకసారి కార్ఖానాకు వచ్చి, పిన్ని చేతులు పట్టుకుని ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు.

"'ఇంత మొరటు చేతులేమిటమ్మా' అని ఉంటుంది" అంటూ పిన్ని వారం రోజులు నవ్వింది.

పన్నెండో ఏట పెట్టెలు కట్టే నెల వచ్చింది గానీ ఆర్డరు రాలేదు. యజమాని పిన్నిని తన గదిలోకి పిలిచాడు.

"అక్కా, వాళ్ళిక తీసుకోరట. పెద్దావిడ దుకాణం అమ్మేసింది. కొత్తవాళ్ళు వేరేచోట కొంటున్నారు."

"మన సరుకులో తప్పేముందంట బాబూ?"

"తప్పేం లేదు. చాలా బాగుంటాయనే రాశారు."

"బాగుంటే ఎందుకు మానేశారు మరి?"

ఆయన తల వంచుకున్నాడు. "ఇన్నేళ్ళు నిలవడమే గొప్పక్కా. మనలాంటి వాళ్ళ సరుకు చాలావరకు అక్కడ రెండేళ్ళు కూడా ఉండదు."

ఆ మాట పిన్నికి ఊరట కాలేదు. తప్పు చెబితే దిద్దుకునేది. మంచి చెక్క ఏరి, ఒక్కోదానికి మూడు రోజులు పెట్టి, ఆరు దువ్వెనలు చేసి కొత్తవాళ్ళకు పంపమంది. యజమాని కాదనలేక పంపాడు. జవాబు లేదు. నెలల తరబడి పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, చేతిలో పని ఆపేసేది.

ఏడాది తిరగకుండానే కార్ఖానా మూతపడింది. పిన్ని ఒక గోదాములో గోనెసంచులు కుట్టే పనికి కుదిరింది. మొదట్లో ప్రతి కుట్టూ విప్పి మళ్ళీ కుట్టేది. రోజుకు ఇరవై సంచులు కూడా అయ్యేవి కావు.

"అమ్మా, అందులో పోసేది బొగ్గు" అన్నాడు మేస్త్రీ, నవ్వాలో విసుక్కోవాలో తెలియక.

మెల్లగా విప్పడం మానేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి, ఇంటికి తెచ్చుకున్న సంచి ఒకటి గుమ్మం పక్కన ఉంది. కుట్లు వంకరటింకరగా, ఒకచోట పురికొస వేలాడుతూ కనిపించాయి.

"చూశావులే" అంది పిన్ని, గోడవైపు తిరిగి పడుకుంటూ.