దుమ్మక్క తిప్పిన ఫ్యాన్లు

మా పిన్నిని ఎలక్ట్రానిక్స్ బజారులో అందరూ దుమ్మక్క అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. పిన్ని మాత్రం మొదటిరోజే నవ్వేసి, "దుమ్మే కదా నాకు అన్నం పెడుతోంది, దాని పేరు నాకుంటే తప్పేముంది?" అంది. ఆ తరవాత వెక్కిరించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. పేరు మాత్రం మిగిలింది.

కంప్యూటర్ల దుకాణంలో చేరేనాటికి ఆమెకు నలభై రెండేళ్లు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఇంట్లోనే మిషను మీద స్కూలు యూనిఫారాలు కుట్టింది. స్కూళ్లన్నీ రెడీమేడ్‌కి మారాక మిషను మీద గుడ్డ కప్పేయాల్సి వచ్చింది. బాబాయి బస్సు డ్రైవరు. పొద్దున్నే పోతే దీపాలు పెట్టేవేళకు గానీ ఇల్లు చేరడు. పిల్లలిద్దరూ హైస్కూలుకొచ్చి, అమ్మతో కన్నా ఫోనుతో ఎక్కువ మాట్లాడే వయసుకొచ్చారు. "గోడలతో మాట్లాడీ మాట్లాడీ గోడలకే విసుగొచ్చింది" అని, మొదటి అంతస్తులో మెట్ల పక్క దుకాణంలో తుడవడానికి మనిషి కావాలని తెలిసి వెళ్లి చేరిపోయింది.

నేల తుడవడం గంటలో అయిపోయేది. ఆపైన రిపేరుకొచ్చిన కంప్యూటరు డబ్బాలను వరండాలోకి మోసుకెళ్లి, తెరిచి, బ్లోయరుతో దుమ్ము ఊదడం ఆమె పని. వేరే ఎవరైనా ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊదేసి చేతులు దులుపుకుంటారు. పిన్ని ఊదేముందు కాసేపు చూసేది. దుమ్ము ఎక్కడ దట్టంగా పేరుకుందో, ఎక్కడ పల్చగా ఉందో చూస్తే గాలి ఎటునుంచి ఎటు పోతోందో ఆమెకు అర్థమైపోయేది. గాలిని లోపలికి లాగే ఫ్యాను రెక్కల అంచులకు దుమ్ము నూగులా పట్టి ఉంటుందనీ, ఫ్యానుకు స్టిక్కరూ అడ్డకమ్మీలూ ఉన్నవైపునుంచే గాలి బయటికొస్తుందనీ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. "చొక్కా లోపలివైపు కుట్లు కనబడతాయి చూడు, ఫ్యానుకీ అంతే. తిరగేసి తొడుక్కుంటే తెలిసిపోతుంది" అని నాకు చెప్పేది.

ఒకసారి ఒక డబ్బా తెరిచి, దుమ్ములో చిక్కుకున్న బొచ్చు చూసి, "మీ ఇంట్లో తెల్లపిల్లి ఉంది కదండీ" అంది. తెచ్చినాయన నోరెళ్లబెట్టాడు. "రెండున్నాయమ్మా. ఇంకోటి నల్లది."

"నల్లది ఈ గదిలోకి రాదు."

ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే, దానికి నేనంటే పడదు" అని ఒప్పుకున్నాడు.

దుకాణంలో బల్ల ముందు కూర్చుని అసలు పని చేసే మెకానిక్కుకు ఇరవయ్యెనిమిదేళ్లు. తాటిచెట్టంత మనిషి. కోర్సు చేసి, పట్టాను ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాడు. పనిలో చురుకు, మాటలో అంతకన్నా చురుకు. ఓనరుగారితో సహా అందరూ అతన్ని ఇంజినీరు అనేవారు. కాదనడం అతనికీ మర్యాదగా తోచలేదు.

రెండేళ్ల కిందట బొమ్మలు గీసే అమ్మాయొకతె తన కంప్యూటరును మూడోసారి ఆ దుకాణానికి మోసుకొచ్చింది. ఒంటిచేత్తో మూడేళ్లుగా ఏడు నిమిషాల బొమ్మల సినిమా తయారు చేస్తోంది. గీసిన బొమ్మలన్నిటినీ సినిమాగా మార్చేందుకు కంప్యూటరు గంటల తరబడి ఆగకుండా పనిచేయాలి. అదేమో నలభై నిమిషాలు నడిచి, ఠపీమని ఆరిపోతోంది.

"పోటీకి పంపాలండీ. ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి" అంది ఆ అమ్మాయి, ఏడుపు ఒక్కటే తక్కువగా.

ఆ కంప్యూటరులో ప్రాసెసరును చల్లబరిచేది నీళ్లలాంటి ద్రవం. ప్రాసెసరు మీద కూర్చున్న చిన్న పంపు దాన్ని గొట్టాల్లో తిప్పుతుంది. డబ్బా పైకప్పు కింద, కార్లలో ఉండేలాంటి రేడియేటరు ఒకటి అడ్డంగా పడుకుని ఉంటుంది. దానికి వరసగా మూడు ఫ్యాన్లు. వేడెక్కిన ద్రవం అక్కడికి చేరితే, ఆ ఫ్యాన్ల గాలి వేడిని లాక్కుపోతుంది. చిక్కల్లా ఒక్కటే: ఆ ఫ్యాన్లు బయటిగాలిని లోపలికి లాగాలా, లోపలిగాలిని బయటికి తోయాలా?

ఇంజినీరు లోపలికి లాగేలా బిగించాడు. అతని లెక్క అతనికుంది. "బయటిగాలి చల్లన, డబ్బాలో గాలి వేడి. రేడియేటరుకి చల్లగాలే తగలాలి. చూడండి, ప్రాసెసరు అరవై ఎనిమిది డిగ్రీలు దాటట్లేదు. కంప్యూటరు ఆరిపోతే తప్పు ఇంకెక్కడో ఉంది."

వరండాలోంచి తడిగుడ్డతో వస్తున్న పిన్ని డబ్బా పక్క గాజుపలకలోంచి తొంగిచూసి ఆగిపోయింది. రేడియేటరుకు సూటిగా కింద, బొమ్మలను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు ఉంది.

"బాబూ, రేడియేటరు వేడిని తీసుకున్న గాలి ఆ తరవాత ఎటు పోతోంది?"

"కిందికి పోతుందక్కా."

"కింద ఈ కార్డుంది కదా. దాని నెత్తిన పొయ్యి పెట్టినట్టు కాలేదూ? దీని వేడెంతుందో చూశావా?"

ఇంజినీరు చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఎనభై తొమ్మిది. అయినా తగ్గడానికి మనసొప్పలేదు. "మీరు దుమ్ము సంగతి చూసుకోండక్కా. ఇది మీకు తెలిసే విషయం కాదు."

పిన్నికి ముఖం కందింది. తడిగుడ్డ పట్టుకుని వెనక్కి తిరిగింది. కానీ ఓనరుగారు ఆ మాట విన్నారు, బొమ్మలమ్మాయి ముఖమూ చూశారు. "మూడుసార్లు నీ మాట విన్నాం కదా నాయనా, ఒక్కసారి ఆమె మాట విందాం. నాలుగు స్క్రూల పని, పోయేదేముంది?" అన్నారు.

"అయితే ఆవిడే తిప్పమనండి" అన్నాడు ఇంజినీరు, స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి.

అప్పటిదాకా పిన్ని ఊదడమే గానీ, ఇంకొకరి కంప్యూటరులో ఒక్క స్క్రూ విప్పి ఎరగదు. మొదటి స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో రెండుసార్లు చూసుకుంది. రెండోదానికి బొత్తాం కుట్టినంత తేలికైంది. మూడు ఫ్యాన్లనూ తిరగేసి, గాలి పైకి పోయేలా బిగించింది. బొమ్మలమ్మాయి పని మొదలుపెట్టింది. నలుగురూ తెర మీద అంకెల కేసి చూస్తూ నిలబడ్డారు.

ప్రాసెసరు అరవై ఎనిమిది దాటింది. డెబ్బై ఐదు దాటింది. ఎనభై దగ్గరికొచ్చింది. కార్డు కూడా ఎనభై ఆరు దగ్గర మొరాయించింది.

"చెప్పానా?" అన్నాడు ఇంజినీరు. మరీ గట్టిగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పిన్ని వరండాలోకి వెళ్లి చెంబెడు నీళ్లు తాగింది. ఇంటికి పోయి మిషను మీద గుడ్డ తీద్దామా అనిపించిందట. కానీ మనసులో ఒకటే ప్రశ్న: ఇంత గాలి పైకి పోతుంటే వేడి ఎందుకు దిగదు? పోయే గాలి సరే, వచ్చే గాలి ఏదీ? గ్లాసులు తుడిచే పల్చటి కాగితాన్ని పొడుగ్గా చింపుకుని లోపలికొచ్చింది.

కాగితం పీలికను పైన పట్టుకుంటే ఎగిరింది. డబ్బా వెనక ఫ్యాను దగ్గర పట్టుకుంటే దూరంగా కొట్టుకుంది. ముందరి రెండు ఫ్యాన్ల దగ్గర పట్టుకుంది. అక్కడా దూరంగానే కొట్టుకుంది. పైనుంచి లోపలికొచ్చిన గాలి ముందునుంచి పోవాలని ఇంజినీరు ఆ రెంటినీ బయటికి తిప్పి ఉంచాడు; పిన్ని పైవాటిని తిప్పి, వీటి సంగతి మరిచిపోయింది.

"ఓరి నా మతిమరుపు మండా!" అని నెత్తి కొట్టుకుంది. "ఆరుకి ఆరూ బయటికే పోతున్నాయి! పెళ్లివారందరూ వెళ్లిపోయేవాళ్లే అయితే ఇంట్లోకి వచ్చేదెవరు? తప్పు నీది కాదు బాబూ, ఇది నాదే."

ఆ చివరి మాటకు ఇంజినీరు మెత్తబడ్డాడు. తనే వంగి ముందరి ఫ్యాన్లలో ఒకదాన్ని విప్పడం మొదలుపెట్టాడు. రెండోది పిన్ని విప్పింది. ఇప్పుడు ముందునుంచి చల్లగాలి లోపలికొచ్చి, కార్డును తాకి, పైనా వెనకా బయటికి పోవాలి. కాగితం పీలిక ముందరి జాలీకి టక్కున అతుక్కుంది. బొమ్మలమ్మాయి చప్పట్లు కొట్టబోయి, ఇంకా ఏమీ తేలలేదని గుర్తొచ్చి చేతులు ముడుచుకుంది.

నలభై నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. ఓనరుగారు భోజనం చేసి వచ్చారు. కంప్యూటరు నడుస్తూనే ఉంది. కార్డు డెబ్బై ఆరు దగ్గర నిలకడగా నిలబడింది.

"ప్రాసెసరు మాత్రం డెబ్బై రెండు" అన్నాడు ఇంజినీరు. "నా పద్ధతి కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువే."

"ఎక్కువే. డెబ్బై రెంటికి దానికేమన్నా నొప్పా?"

"లేదు. తొంభై దాకా ఓర్చుకుంటుంది."

"మరి ఓర్చుకునేవాడికి కాస్త ఎక్కువ పెట్టి, ఓర్చుకోలేనివాడికి తగ్గించాం. ఇంట్లో మేం చేసేది అదే కదా నాయనా."

ఇంజినీరు ఆమెను ఎగాదిగా చూసి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "నా దుమ్ము దులిపేశారక్కా!"

"ఏం చేయను, ఉద్యోగమే అది" అంది పిన్ని.

సినిమా గడువుకు రెండు రోజుల ముందే పూర్తయింది. పోటీలో దానికి మూడో బహుమతి వచ్చింది. బొమ్మలమ్మాయి దుకాణానికొచ్చి, పెద్ద తెర మీద అందరికీ చూపించింది. ఆరోజు సెలవు కావడంతో బాబాయి, నేను కూడా వెళ్లాం. బస్సెక్కాలనుకునే తాబేలు కథ అది. అది మెట్టు మీద కాలు పెట్టేలోపు బస్సు కదిలిపోతుంది. మళ్లీ ఇంకో బస్సు. పిన్ని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. బాబాయి మాత్రం ముఖం గంభీరంగా పెట్టి, "ఆ డ్రైవరు అద్దంలో చూసుకోవాల్సింది. తప్పు వాడిదే" అన్నాడు. దారి పొడుగునా అదే మాట.

మరుసటి వారం ఓనరుగారు నేల తుడవడానికి వేరే మనిషిని పెట్టుకుని, కిటికీ పక్కన పిన్నికొక బల్ల వేయించారు. బల్ల బాగానే ఉంది గానీ స్టూలు ఇంజినీరు కొలతది. దాని మీదెక్కితే పిన్ని కాళ్లు గాల్లో వేలాడాయి. అతను రంపం తెచ్చి స్టూలు కాళ్లు కోశాడు. కోయడంలో అతనికి పట్టా లేదు. మూడు కాళ్లు సమానంగా వచ్చి నాలుగోది పొట్టిదైంది. అట్టముక్క మడిచి దాని కింద పెట్టి, "కూర్చోండక్కా, కదలదు" అన్నాడు.

పిన్ని కూర్చుంది. స్టూలు కొద్దిగా కదిలింది. అయినా ఆమె మొదటి డబ్బాను దగ్గరికి లాక్కుంది.