కేకలక్క గెలిచిన తగాదా

"ఊరికే 'ఆ...' అని అరవండి కేకలక్కా, చాలు" అన్నాడు డబ్బింగ్ ఇన్‌చార్జి, అద్దం అవతల నుంచి.

"ఎవరికి చాలు? భవనం కింద నలిగిపోయే మనిషి 'ఆ' అంటుందా? పన్ను పీకించుకునేవాళ్లు అంటారు 'ఆ' అని. ఈమె ఎవరినో పేరు పెట్టి పిలవాలి."

టీ పెద్దమ్మ గ్లాసుల పళ్లెంతో తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ స్టూడియోలో టీ కాచే మనిషి గ్లాసు గలగలమనిపించకూడదు, చెప్పు కిర్రుమనిపించకూడదు, నోరు అసలే విప్పకూడదు. చెవులు మూసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఇది పిల్లాపాపలతో చూసే సినిమా అక్కా. పేరు పెట్టి పిలుస్తూ ఏడిస్తే చిన్నపిల్లలు జడుసుకుంటారు."

"ఊరంతా కూలగొట్టేది మీ ఎగిరే వీరుడు, జడిపించేది నేనా? చచ్చేవాళ్లు ఎవరినో ఒకరిని పిలుస్తారు నాయనా. మా అమ్మ పోతూ నన్ను పిలిచింది. 'ఆ' అనలేదు."

"మీ ఇష్టం" అని అతను, మొదలుపెట్టమన్నట్టు వేలెత్తాడు. కేకలక్క మైకు ముందు కళ్లు మూసుకుంది. ఏ పేరు పిలవాలో ముందే అనుకోలేదు. నాలుక మీద రోజూ ఆడేదే వచ్చింది.

"గువ్వా... గువ్వా, ఎక్కడున్నావే..."

అద్దం అవతల మనిషి చెవుల మీది డిప్పలు తీసేసి ముంజేతి మీద నిక్కిన రోమాలు రుద్దుకున్నాడు. కేకలక్క టీ గ్లాసు అందుకుంటూ పెద్దమ్మకి కన్ను గీటింది. గెలుపంటే అలా ఉండాలి అనుకుంది పెద్దమ్మ.

కేకలక్క ముఖం ఎవరికీ తెలియదు, ఆమె గొంతు వినని ఇల్లు లేదు. పరాయి భాష సినిమాకి మన మాటలు అతికించేటప్పుడు హీరోయిన్‌కి ఒకరు, తల్లికి ఒకరు గొంతిస్తారు. సంతలో గోల, పెళ్లిలో గుసగుస, రైలు పడితే ఏడుపు, ఇవన్నీ కేకలక్కవి. వయసులో ఉన్నప్పుడు హీరోయిన్‌కి మాట్లాడదామనే వచ్చింది. మొరటు గొంతన్నారు, గుంపులోకి తోశారు. ఆ గుంపులో ఉండగానే మొగుణ్ణి పోగొట్టుకుంది, కొడుకుని పెంచింది, జుట్టు నెరిపించుకుంది. ఇంట్లో మాత్రం గొంతు లేపేది కాదు. సాయంత్రం ఒక్కసారే, మెట్ల మీద నిలబడి, కింద ఆడుకునే మనవరాలిని "గువ్వా" అని పిలిచేది. ఆ పిల్ల ఆట వదిలేసి, చెప్పులు వదిలేసి, పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడేది. పగలంతా చచ్చి ఇంటికొచ్చే మనిషికి ఆ ఒక్క పరుగే కూలి.

సినిమా వచ్చింది. పోస్టరు మీద "ఇంటిల్లిపాదీ చూడదగ్గది" అని బెత్తెడు అక్షరాలు. నగరం నగరమే కూలుతుంది, నెత్తురు చుక్క కనబడదు. కనబడకపోతే చావు కాదు కాబోలు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎలుకలు కేకలక్క గొంతుతో అరుస్తాయి, పిల్లి మీద పాటలు కడతారు.

"వెళ్లండి, నా గొంతు వినబడుతుంది" అని కేకలక్కే కొడుకునీ కోడలినీ పిల్లనీ పంపింది. ఆ రోజు ఆమెకి పనుంది.

హాల్లో జరిగింది కోడలు తరువాత చెప్పింది. భవనం కూలింది. రాళ్ల కింద నుంచి "గువ్వా... ఎక్కడున్నావే" అని వినబడింది. పిల్ల కుర్చీ మీద లేచి నిలబడి, "నానమ్మా, ఇక్కడున్నా" అంది. చుట్టూ జనం నవ్వారు. తెర మీద వీరుడు కూడా స్నేహితుడితో ఏదో జోకేసి నవ్వి ఎగిరిపోయాడు. "రాయి ఎత్తలేదేం నాన్నా? నానమ్మ కిందే ఉందిగా" అని ఆ పిల్ల దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి నానమ్మ చేతులూ తలా తడిమి చూసింది. దెబ్బ లేదు, దుమ్ము లేదు. నిద్రపోయింది. మర్నాడు సాయంత్రం కేకలక్క మెట్ల మీదికొచ్చి "గువ్వా" అని పిలిచింది. పిల్ల చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడింది. గౌను తడిసిపోయింది.

"సినిమానేగా, మరిచిపోతుందిలే" అన్నాడు కొడుకు. మరిచిపోలేదు.

"మీరు దాన్ని పిలవకండి అత్తయ్యా. అసలు అది ఇంట్లో ఉన్నప్పుడు మాట్లాడకండి" అంది కోడలు. కసితో అన్న మాట కాదు.

కేకలక్క ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లింది. "ఆ కేక తీసెయ్ నాయనా. నువ్వన్నట్టు 'ఆ' అనే అంటా."

"ఊళ్లన్నీ ఆడుతోంది అక్కా, ఇప్పుడేం తీస్తాం? నేను ముందే చెప్పానుగా." ఆమె వెళ్లబోతుంటే, "సినిమా మొత్తానికి నిజమైన ముక్క అదొక్కటే" అన్నాడు. పొగిడాననుకున్నాడు పాపం.

టీ పెద్దమ్మ స్టవ్ దగ్గర కూర్చుని, ఎవరిది తప్పని తిట్టాలో తేలక, పొంగిన పాలని తిట్టింది. 'ఆ' అని ఊరుకుని ఉంటే ఆ పిల్ల కూడా అందరిలాగే ఊరు కూలడం చూసి చప్పట్లు కొట్టేది. ఇంటిల్లిపాదీ చూడదగ్గదంటే అదేనన్నమాట. చప్పట్లు కొట్టే పిల్ల మేలా, వణికే పిల్ల మేలా? అడిగితే ఎవరు చెబుతారు?

కేకలక్క వచ్చి పక్కన పీట మీద కూర్చుంది. ఇంట్లో అలవాటైపోయిందేమో, ఇక్కడా గుసగుసగానే మాట్లాడింది.

"పెద్దమ్మా, నీ గొంతు దానికి కొత్త. ఈ సాయంత్రం మా ఇంటికి రా."

"నా గొంతేంటే, కాకి కూడా సిగ్గుపడుతుంది."

"అదే కావాలి. మెట్ల మీద నిలబడి నువ్వు పిలువు. నేను లోపల చాప మీద కూర్చుంటా. 'నానమ్మ ఒళ్లోకి వెళ్లవే' అని చెప్పు. 'ఆమె మాట్లాడదులే' అని కూడా చెప్పు."