అక్క సాఫ్ చేసిన రాళ్లు

జడ్చర్లలో నా ఫొటో స్టూడియోకు వచ్చేవాళ్లు ముందుగా అద్దాల అల్మారా దగ్గర ఆగుతారు. ఒకప్పుడు అందులో పెళ్లి ఫొటోలు ఉండేవి. రాష్ట్రం వచ్చిన కొత్తల్లోనే అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు కూడా వచ్చేశాయి. పెళ్లికూతుళ్లు నా అల్మారాలోంచి ఒక్కొక్కరే దిగి వెళ్లిపోయారు. ఖాళీ అయిన అరల్లో నేను రాళ్లు పెట్టాను. మామూలు రాళ్లు కావు, స్ఫటికాలు. పెన్సిల్ చెక్కినట్టు కొనదేలి, పలకలు పలకలుగా, ఒకదాని భుజం మీద ఇంకొకటి మొలిచినవి. కొన్ని పొగ రంగువి, కొన్ని తేనె రంగువి. కొన్నింటికి కొనల్లో మాత్రం నేరేడు పండు రసం అంటినట్టు ఊదా రంగు ఉండేది.

పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చినవాడు తల దువ్వుకుంటూ "గిదేందన్నా?" అనేవాడు. అక్కడితో వాడు నా చేతికి చిక్కినట్టే. ఒక రాయి ఒంటి మీద సన్నటి అడ్డచారలుండేవి. అది పోచంపల్లిలో ఒక మగ్గం గుంటలో దొరికిందనీ, తాతల నాటి నుంచి దాని పైన నేస్తూ ఉంటే నేత మెల్లగా రాయిలోకి దిగిందనీ చెప్పేవాణ్ని. పొగ రంగుదాన్ని కేతేపల్లిలో ఒక ఎద్దు నెమరు వేస్తూ వేస్తూ కక్కిందన్నాను. ఒక పెద్దమనిషి నమ్మి, ఆ ఎద్దును అమ్ముతారా అని అడిగాడు. "ఇప్పుడు అమ్మరు, గడ్డి ముడతలేదంట. కడుపుల ఇంకోటి తయారైతాంది" అన్నాను. ఆయన పాస్‌పోర్టు ఫొటోలో నోరు కొంచెం తెరుచుకునే ఉంది.

నిజానికి ఆ రాళ్లన్నీ ఒక్క చోటు నుంచే వచ్చాయి. మా అక్క అన్నం డబ్బాలోంచి.

అమ్మ తొందరగా పోవడంతో నన్ను సంకనేసుకుని పెంచింది అక్కే. ఆమెను జడ్చర్లకు దగ్గరలో ఒక గొర్రెల కాపరి ఇంటికిచ్చారు. బావ గొర్రెల వెంట మేతకు పోతే ఏడాదిలో సగం ఇంటి ముఖం చూడడు. అక్క ఇంట్లో ఊరికే ఉండే మనిషి కాదు. రోడ్డు మీదికి పలుగురాయి యార్డు ఒకటి కొత్తగా పడితే అందులో చేరింది.

గుట్టలు తొలిచి తెచ్చిన పలుగురాయిని లారీలు యార్డులో గుమ్మరిస్తాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తెలతో పగలగొట్టి ఏరుతారు. పాలలా తెల్లగా ఉన్న ముక్క మిల్లుకు పోతుంది. అక్కడ పిండి అవుతుంది. ఆ పిండి గాజులోకీ, టైల్సులోకీ, పట్నంలో వంటింటి గట్ల మీద పరిచే నున్నటి పలకల్లోకీ వెళ్తుంది. తుప్పు మరక ఉన్నా, రంగు తిరిగినా, గీత కనిపించినా అది 'మచ్చ రాయి'. దాన్ని కొట్టి మచ్చ ఊడగొట్టాలి, ఊడకపోతే గోడవతలికి విసిరేయాలి. అంటే నేను కళ్లకద్దుకుని అల్మారాలో పెట్టుకున్న ప్రతి రాయీ అక్కడ చెత్త.

సాయంత్రం షేర్ ఆటో స్టూడియో ముందు ఆగేది. అక్క దిగి, టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించేది.

"ఇగో తమ్మీ, నీ కచరా."

"గింత ముద్దుగున్నదాన్ని పారేస్తరా అక్కా?"

"మచ్చున్నది గదరా. మచ్చుంటే మేస్త్రి నా మీదికి లేస్తడు."

అప్పుడే ఎవరైనా గిరాకీ ఉంటే ఆమె పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా కథ వినేది. గిరాకీ మెట్లు దిగగానే నా వీపు మీద ఒకటి చరిచేది. "ఎద్దు కక్కిందారా? పొద్దుగాల నేను సుత్తెతోని పక్కకు నూకితే గద ఇటొచ్చింది! గా ఎద్దును నేనే అన్నట్టు!" అని విరగబడి నవ్వేది.

ఆ నవ్వు కొన్నేళ్లకు దగ్గుతో ముగియడం మొదలైంది. తర్వాత నవ్వక ముందే దగ్గు వచ్చేది. స్టూడియో ముందున్న చిన్న మెట్లెక్కడానికి మధ్యలో ఒకసారి ఆగేది. దవాఖానలో టీబీ అన్నారు, గోలీలిచ్చారు. మింగింది. తగ్గలేదు. మళ్లీ టీబీయే అన్నారు, మళ్లీ మింగింది. కళ్లె పరీక్షలో ఏమీ దొరకలేదు, అయినా గోలీలే. చివరికి నేనే పట్నం తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు ఎక్స్‌రేను లైటు మీద పెట్టాడు. నేను బతుకంతా ఫిల్మును వెలుగుకు పట్టి చూసినవాణ్ని. పాతకాలపు నెగటివ్ మీద దుమ్ము పడితే కడిగినప్పుడు తెల్లటి చుక్కలు వస్తాయి. అక్క రొమ్ము నిండా అవే చుక్కలు. ఫిల్ము మీద దుమ్ము పడిందని చెప్పబోయాను. డాక్టరు నాకంటే ముందే మాట్లాడాడు.

"ఇది టీబీ కాదమ్మా. రాతి పొడి. ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే గట్టిపడింది."

"కడిగి తియ్యరాదా సారూ?" అక్క అడిగింది.

"రాదమ్మా. అది పోదు. మళ్లీ దుమ్ములోకి వెళ్లకపోతే ఇంకా పెరగడం కొంచెం నెమ్మదిస్తుంది. అంతే."

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. షాద్‌నగర్ దాటేదాకా నాకు తెలిసిన అబద్ధాలన్నీ మనసులో వరసగా పెట్టుకుని చూశాను. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఉన్నట్టుండి మోచేత్తో నన్ను పొడిచింది.

"తమ్మీ, నేను పోయినంక నా రొమ్ములకెల్లి గా రాయి తీపిచ్చి నీ అల్మారల పెట్టుకో. దానికేం కథ చెప్తవు? ఆవు కక్కిందంటవా?"

"నోర్ముయ్ అక్కా."

"మచ్చ రాయి కాదురా. తెల్లదే పోయుంటది లోపలికి. ఫస్టు నంబరు మాలు."

ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. అక్క నవ్వుతోందో దగ్గుతోందో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆమెను యార్డు మానిపించడమొక్కటే మా చేతిలో మిగిలింది. మర్నాడే పనికి బయలుదేరింది. జడ్చర్ల మొత్తాన్ని నమ్మించిన నోరు నాది, ఆమె దగ్గర మాత్రం పని చేయలేదు. యార్డు కింద పాత శ్మశానం బయటపడిందన్నాను. "గట్లయితే మంచిదే, మోసుకపోయే పని తప్పుతది" అంది. మైసమ్మ కలలోకి వచ్చి నిన్ను సుత్తె పట్టొద్దన్నదని చెప్పాను. "మైసమ్మ నీ కలల్లకెందుకొస్తదిరా, దానికి వేరే పని లేదా?" అంది. చివరికి నిజమే చెప్పాను: దుమ్ములోకి పోతే చచ్చిపోతావన్నాను.

"ఇంటికాడ కూసుంటే లోపటి రాయి కరుగుతదా?"

"కరగదు."

"మరింకేంది?"

నా మాటతో మానని మనిషి మేస్త్రి మాటతో మానింది. ఎవరో ఆఫీసర్లు చూడ్డానికి వస్తున్నారట. దగ్గేవాళ్లెవరూ యార్డులో కనబడొద్దని, "అక్కా, నువ్వు రేపటి సంది రాకు" అన్నాడు. ఇన్నేళ్లు కూర్చున్న గోనెసంచిలో తన సుత్తెను చుట్టి చంకన పెట్టుకుని వచ్చేసింది. బావ గొర్రెలతో నల్లమల వైపు ఉన్నాడు. స్టూడియో వెనక గదిలో మంచం వేశాను.

ఆ గదిలో ఆమెను చూస్తే తీసి పక్కన పెట్టిన పనిముట్టులా ఉండేది. పడుకుంటే ఊపిరి ఆడదు. కూర్చుంటే చేతులకు పని లేదు. అల్మారాలోని రాళ్లను తుడుస్తానంటే బట్ట ఇచ్చాను. ఒక్కొక్క రాయినీ తిప్పి తిప్పి చూసేది. "అన్ని మచ్చయే పెట్టుకున్నవు గదరా" అనేది జాలిగా. ఆ జాలి నా మీదని నాకు తట్టలేదు.

ఒక రోజు నల్గొండలో పుట్టెంట్రుకల ఫంక్షన్ ఉంది. ఈ రోజుల్లో కెమెరాకు పిలిచేవాళ్లే అరుదు, కాదనలేను. తెల్లారకముందే పోయి పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాను. షట్టర్ ఎత్తగానే అల్మారా ఖాళీగా కనిపించింది. వెనక నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తోంది.

వెనక దొడ్డిలో అక్క గోనెసంచి పరుచుకుని కూర్చుంది. జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లటి పిండి. ఎడమ పక్కన గోడ వెంట విసిరేసిన కుప్ప: పొగ రంగు పెంకులు, తేనె రంగు చెక్కలు, ఊదా కొనలు. కొనలన్నీ విరిగిపోయి ఉన్నాయి. కుడి పక్కన శుభ్రమైన తెల్ల ముక్కలు, అన్నీ ఒకే సైజువి, యార్డులో పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. అడ్డచారల రాయి ఏ ముక్కల్లోకి వెళ్లిందో పోల్చుకోలేకపోయాను. పిడికిలంత మొదట్లోంచి కొనలు కొనలుగా విచ్చుకున్న గుత్తి ఒకటి ఉండేది నా దగ్గర. నాకున్నవాటిలో అలాంటిది ఇంకొకటి లేదు. దాని అడుగు ముక్క ఆమె పాదాల మధ్య ఉంది. అప్పుడే దాని మీద ఆఖరి దెబ్బ పడింది.

"వచ్చినవా?" అంది. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతోంది. "ఇన్నేండ్లు నీకు... చెత్తనే ఇచ్చిన తమ్మీ. మంచి రాయి డబ్బాల పెట్టుకోనియ్యకపోదురు. గేటు కాడ చూస్తుండె. పాపం నువ్వు గా చెత్తనే అద్దాలల్ల పెట్టుకుని... ఊకె ఏదో ఒక కథ చెప్పి కాలం గడుపుకుంటివి. ఇప్పుడు చూడు."

ఒక తెల్ల ముక్క తీసి కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఒక్క మచ్చ లేదు. ఎట్లున్నయ్‌రా?"

నా నోటికి అబద్ధం ఎన్నడూ అంత బరువు అనిపించలేదు.

"మస్తున్నయ్ అక్కా. గిట్లాంటివి ఎవ్వరికాడ లేవు."

ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూసి కెమెరా మెడలోనే ఉన్నా తీయబుద్ధి కాలేదు. ఆ దుమ్ముకు చీకటి పడకముందే ఊపిరి అందక పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో వేసుకుని దవాఖానకు పరిగెత్తాను. కొన్నాళ్లు ముక్కుకు గొట్టం పెట్టి ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాకు మందుల సంగతి చెప్పాడు కానీ, బాగవుతుందని మాత్రం అనలేదు.

తెల్ల ముక్కలను నేను అద్దాల అల్మారాలో పెట్టాను. ఆమె మంచం మీది నుంచి చూస్తే కనిపించాలి కదా. ఆధార్ ఫొటో కోసం వచ్చిన కుర్రవాడు చూసి, "ఏందన్నా, అల్మారల కంకర పెట్టినవ్?" అన్నాడు. లోపల అక్క వింటోంది. ఈ రాయి రాష్ట్రం మొత్తంలో ఇక్కడ తప్ప ఎక్కడా దొరకదని మొదలుపెట్టాను. వాడు మధ్యలోనే, "మా ఇంటి ముంగట లారోడు గిదే పోసి పోయిండు. గావాలంటే ఎత్తుకపో" అన్నాడు. ఆ రోజు నా కథ అక్కడే ఆగిపోయింది.

దవాఖాన నుంచి వచ్చాక అక్క మాట్లాడడం తగ్గించింది. మాటకు ఖర్చయ్యే గాలి ఆమె దగ్గర లేదు. తిండి పక్కకు నెట్టేది. చేతులు మాత్రం దుప్పటి మీద ఊరికే కదిలేవి. ఎడమ చెయ్యి దేన్నో పట్టుకున్నట్టు, కుడి చెయ్యి దేన్నో ఎత్తినట్టు. "సుత్తె ఏడ పెట్టినవ్‌రా?" అని మాత్రం రోజూ అడిగేది. కనిపిస్తలేదని రోజూ చెప్పేవాణ్ని. నేను అబద్ధం చెప్తున్నానని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకూ తెలుసు.

ఇలా ఆపి కాపాడుతున్నది ఏముందని ఒక ఉదయం నాకే అనిపించింది. యార్డు గోడవతలి కుప్పకు పోయి గోనెసంచి నిండా మచ్చ రాళ్లు ఏరుకొచ్చాను. వాటిలో ఒక మంచి స్ఫటికం కూడా ఉంది, తేనె రంగుది, ఎక్కడా విరగనిది. దాన్నీ అందులోనే వదిలేశాను. దొడ్డిలో నీడ చూసి కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టాను. ముందు బండ పెట్టి, సుత్తె చేతికిచ్చాను. పక్కన బకెట్టూ చెంబూ పెట్టుకుని నేను కింద కూర్చున్నాను.

ఆమె రాయిని బండ మీద పెట్టింది. నేను దాని మీద నీళ్లు పోశాను.

"గిదేంది?"

"కొట్టు అక్కా."

కొట్టింది. చేతిలో మునుపటి బలం లేదు కానీ దెబ్బ సరిగ్గా మచ్చ అంచునే పడింది. తడి ముక్క పక్కకు రాలింది. ఇంకోటి పెట్టింది. పోశాను. కొట్టింది. తేనె రంగుది కూడా అలాగే పోయింది. కొంతసేపటికి సుత్తె ఒళ్లో పెట్టుకుని బండ కేసి చూస్తూ ఉండిపోయింది.

"తమ్మీ, దుమ్ము లేస్తలేదు."

"నీళ్లు పోస్తే లేవదు అక్కా."

ఊపిరి కూడగట్టుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"యార్డుల మా ఎనకనే నల్లా ఉండె గదరా. చేతులు కడుక్కునేది."

నేను చెంబును మళ్లీ బకెట్లో ముంచాను.

"తడి రాయి పోతే మిల్లు పట్టేస్తదని అనేటోడు మేస్త్రి. పొడి రాయే గావాలె అనేటోడు." మేస్త్రిని నేనేమైనా అంటానేమోనని అతని తరఫున చెబుతున్నట్టుగా అంది. తర్వాత తన రెండు అరచేతులనూ తిప్పి చూసుకుంది. నీళ్లు బండ మీంచి జారి ఆమె కాళ్ల కిందికి వచ్చాయి. కాళ్లు తీయలేదు.

సంచిలోంచి ఇంకో రాయి తీసి బండ మీద పెట్టింది.

"నీళ్లు పొయ్యి" అంది.

పోశాను.