నాలుగు కిలోలకి పది గ్రాములు తక్కువ

లూట్సి చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాని బరువెంతో చూస్తాడు. తర్వాత అందులోంచి ఏం తీసేయొచ్చో చూస్తాడు. తీసేయనా అని మాత్రం అడగడు.

కొండల్లో వేటకి వెళ్లే మనిషి సంచి తేలిగ్గా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. సెప్టెంబరు వచ్చిందంటే వాల్‌దుర్న ఊరు సగం ఖాళీ అయిపోతుంది. వడ్రంగి దొరకడు, పంటి డాక్టరు దొరకడు, అందరూ తుపాకీలు తగిలించుకుని కొండమేకల వెంట పైనే ఉంటారు. వాళ్లందరికీ బరువంటే భయమే. కానీ వాళ్లెవరూ పళ్ల బ్రష్షు పిడి సగానికి కోసుకోలేదు. కోటు బొత్తాల్లో ఒకటి విడిచి ఒకటి తెంపుకోలేదు. ఎండు సాసేజీల కొసన కట్టిన దారాలు విప్పి, వాటిని వంటింటి త్రాసులో వేసి, "నాలుగు గ్రాములు!" అని కేకలు పెట్టలేదు. ఇన్ని చేసిన లూట్సి సొంత బరువు నూట నాలుగు కిలోలు.

"ఆ పొట్టలోంచి రెండు కిలోలు తియ్యరాదూ?" అని భార్య బార్బ్లా అడిగేది.

"పొట్ట సరిగ్గా మధ్యలో ఉందే. దానివల్ల బాలెన్సు చెడదు," అనేవాడు.

బాలెన్సు అతని మూలమంత్రం. బరువు తియ్యడం ఎవడైనా తీస్తాడు, తీశాక కూడా వస్తువు చేతిలో బుద్ధిగా కూర్చోవాలి, అదీ విద్య అంటాడు. అందుకని దొరికిన ప్రతిదాన్నీ చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తాడు. గరిట, గొడుగు, రొట్టె. ఒక పెళ్లిలో కేకు కోసే కత్తిని వేలి మీద పెట్టుకుని, "పిడి బరువెక్కువైంది," అని పెళ్లికూతురికి చెప్పి వచ్చాడు.

ఏటా అచ్చయ్యే వేట నిబంధనల పుస్తకాన్నీ వదల్లేదు. తనకి కంఠతా వచ్చిన పేజీలన్నీ చింపి పొయ్యిలో వేశాడు. ఆ ఏడాది కనుమ దగ్గర అడవి గార్డు ఆపి పుస్తకం చూపించమంటే మూడు కాగితాలు తీసిచ్చాడు.

"మిగతాది?"

"ఇక్కడుంది," అని తల తట్టుకున్నాడు లూట్సి.

"అలాగా. పుస్తకం మొత్తం దగ్గర ఉంచుకోవాలన్న నిబంధన ఏ పేజీలో ఉందో చెప్పు."

"పదకొండో పేజీ."

"చూపించు."

పదకొండో పేజీ బూడిదై ఆరు నెలలైంది.

ఇలాంటి మనిషి నోట్లోంచి "వదినా, నీ తుపాకీ ఒకసారి ఇలా ఇవ్వు," అన్న మాట వస్తే మెంజియాకి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మెంజియా భర్త జాకెన్, లూట్సి పెదనాన్న కొడుకు. ముప్పై సెప్టెంబర్లు ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే వేట గుడిసెలో పడుకున్నారు. భార్యనీ తీసుకెళ్లాలని జాకెన్‌కి పంతం. ఆయన పోరు పడలేక మెంజియా యాభై ఏడో ఏట వేట పరీక్షకి చదివి పాసైంది. "వచ్చే సెప్టెంబరుకి ఇద్దరం," అన్నాడాయన. మార్చిలో ఒకరోజు పొద్దున్నే కట్టెలు కొడుతూ, కాస్త కూర్చుంటానని కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆ సెప్టెంబరు ఎవరి కోసమూ ఆగకుండా వచ్చి వెళ్లింది. మెంజియా ఆ మూడు వారాలూ కిటికీలు తుడిచింది.

రెండో ఏడు వెళ్లి తీరాలనుకుంది. ఆయన తుపాకీతో, ఆయన కూర్చునే బండ దాకా, ఒక్కసారి. జనవరిలో మంచు మీద జారి ఎడమ భుజం ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, ఎడమ చేత్తో నాలుగు కిలోలు దాటి ఎత్తితే తన పూచీ లేదన్నాడు డాక్టరు. జాకెన్ తుపాకీ అయిదు కిలోల వంద గ్రాములు.

"గోడకి తగిలించమ్మా. నీకు తేలికది కొత్తది కొంటాను," అంది కూతురు ఫోన్లో.

"కొండమేక మాంసం కోసమైతే నేనే కొనుక్కునేదాన్ని," అంది మెంజియా.

అయిదు కిలోల వంద అన్న మాట చెవిన పడగానే లూట్సి కళ్లు మెరిశాయి. అప్పుడే అన్నాడు, ఇలా ఇవ్వు అని.

"నా కొన ఊపిరి ఉండగా ఇవ్వను. ఆయన తుపాకీని నీ పళ్ల బ్రష్షు చేస్తావా?"

"తూచి ఇచ్చేస్తాను వదినా."

"తూచడంతోనే మొదలవుతుంది నీ రోగం."

ఫిబ్రవరి ఆఖర్లో ఒకరోజు చీపురు పట్టుకుని వచ్చాడు. మెంజియా ఆకుల్లో పిండిముద్దలు చుడుతోంది.

"వదినా, ఈ చీపురు తుపాకీలా భుజానికి ఆనించి పట్టుకో. బార్బ్లాతో పందెం."

వదిలించుకోవాలంటే వినడమే మార్గమని మెంజియా పిండి చేతులతోనే పట్టుకుంది. లూట్సి ఆమె భుజం నుంచి వేలిదాకా తాడు పెట్టి, ముడి వేశాడు.

"ఏమిటా పందెం?"

"ఓడిపోయాను," అని తాడు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను సొంత తుపాకీ మీద పడ్డాడు. ఊరికి అంతకన్నా మంచి కాలక్షేపం ఎప్పుడూ దొరకలేదు. మార్చిలో భుజానికి ఆనే మడమ చెక్కకి బెజ్జాలు వేశాడు. వెనక బరువు తగ్గేసరికి తుపాకీ ముందుకి తూలిపోయింది. పైగా గాలి వీస్తే ఆ బెజ్జాల్లోంచి ఈల వేసేది. "లూట్సి పిల్లనగ్రోవి కొన్నాడట," అన్నారు సత్రంలో. ముందు బరువూ తగ్గాలని ఏప్రిల్లో ఇనప గొట్టం జానెడు కోశాడు. అది పేలితే ఆ మోతకి ఆవులు ఆ పూట పాలివ్వలేదు. గొట్టం జోలికి పోకూడదని తెలుసుకున్నాడు. తర్వాత వరసగా కొత్త చెక్కలు చెక్కడం మొదలెట్టాడు. ప్రతిదీ రెండు వేళ్లు పొట్టిగా వచ్చేది.

తుపాకీ చెక్క పొట్టిదైతే, గురి చూడ్డానికి పైన బిగించిన దుర్బీను కంటికి మరీ దగ్గరికొస్తుంది. మా లోయలో చట్ట ప్రకారం తూటా లావుగా ఉండాలి. లావు తూటా, తేలిక తుపాకీ కలిస్తే వెనక్కి గాడిదలా తంతుంది. ఆ తన్నుకి దుర్బీను అంచు వచ్చి లూట్సి కనుబొమ్మ మీద దిగేది. మే నుంచి జులై దాకా అతని కుడికన్ను చుట్టూ మచ్చ ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు తిరిగి మళ్లీ ఊదాకి వచ్చేది. సత్రంలో వాతావరణం బదులు దాన్నే అడిగేవారు.

"ఈ వారం ఏ రంగు?"

"పసుపు. రేపు మళ్లీ కాలుస్తాడట."

"చెక్క కొలవడం రానివాడికి వేటెందుకో!"

మెంజియా కూడా నవ్వింది. ఏడాదిన్నరలో ఆమె నవ్విన నవ్వుల్లో చాలావరకు ఆ కన్ను మీదే ఖర్చయ్యాయి.

ఆగస్టు వచ్చింది. వేటకి వెళ్లాలంటే నెలాఖరులోపు గురి పరీక్షలో నాలుగు గుళ్లూ వృత్తంలో పడాలి. భుజం ఏమైనా జాకెన్ తుపాకీతోనే కాలుస్తానంది మెంజియా; ముందు దాన్ని పట్నంలో తుపాకుల మేస్త్రీ రిష్‌కి చూపించాలి. అయిదు కిలోల వంద అంత దూరం ఆమె మోయలేదు. అటు వెళ్లే కారు లూట్సిది ఒక్కటే.

"మోసుకెళ్లు, ఇచ్చేసి రా. తియ్యడానికి వీల్లేదు, కొయ్యడానికి వీల్లేదు," అంది.

"సరే."

"తూచడానికి కూడా వీల్లేదు."

లూట్సి మొహం చిన్నబోయింది. "సరే వదినా."

వారమైంది. పది రోజులైంది. మేస్త్రీకి ఫోన్ చేస్తే, "తుపాకీ బాగుంది, లూట్సి అప్పుడే తీసుకెళ్లిపోయాడుగా," అన్నాడు. పరీక్ష ఇంకా నాలుగు రోజులే ఉంది. మెంజియా నెప్పి భుజాన్ని కుడిచేత్తో పట్టుకుని లూట్సి ఇంటి వెనక షెడ్డుకి పరుగులాంటి నడక నడిచింది.

నేలంతా అక్రోటు చెక్క పొట్టు. బల్ల మీద జాకెన్ తుపాకీ గొట్టం ఒంటరిగా, ఈకలు పీకిన కోడిలా పడుంది. చెక్క లేదు.

"ఏదిరా చెక్క?"

లూట్సి నోట్లో స్క్రూలున్నాయి. ఏదో అన్నాడు, అర్థం కాలేదు.

"ముప్పై ఏళ్లు పట్టుకున్న చెక్కరా అది! పొట్టు చేశావా? సంతోషమేనా? ఎన్ని గ్రాములొచ్చింది?"

కేకలకి బార్బ్లా వంటింట్లోంచి వచ్చింది. పరిస్థితి చూసి, "అక్కా, తల పైకెత్తు," అంది.

అల్మారా మీద, తెల్లటి లేసు బల్లగుడ్డలో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఏదో ఉంది. బార్బ్లా స్టూలెక్కి దించి, గుడ్డ విప్పింది. జాకెన్ చెక్క. ఆయన ఎడమ అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నబడ్డ చోటు అలాగే మెరుస్తోంది. ఒక్క గీత పడలేదు.

"రెండు స్క్రూలు విప్పాడంతే. మళ్లీ బిగిస్తే ఎప్పటిలాగే అవుతుంది," అంది బార్బ్లా. "ఆ గుడ్డ నా పెళ్లినాటిది. అది మటుకు అడక్కుండా తీశాడు."

బల్ల రెండో కొసన కొత్త చెక్క ఉంది. అది కూడా అక్రోటే, కానీ సన్నగా, లోపలంతా తొలిచి, మడమకి మెత్తటి రబ్బరు దిండుతో. గోడకి మేకుల మీద పాత ప్రయోగాలు ఎనిమిది వేలాడుతున్నాయి. ఊరంతా నవ్వినవి. మెంజియా ఒకటి తీసి భుజానికి ఆనించింది. అచ్చంగా కుదిరింది. ఇంకోటి తీసింది. అదీ కుదిరింది. వాటి పక్క మేకుకి ముడేసిన తాడు ఒకటి వేలాడుతోంది.

"ఇవన్నీ నీకు పొట్టివి కదరా," అంది నెమ్మదిగా.

లూట్సి స్క్రూలు చేతిలోకి ఉమ్మాడు. "నాకు పొట్టివే."

"మరి ఆ కన్ను..."

"అన్నయ్య తుపాకీ మీద నేర్చుకుంటే తప్పు ఒక్కసారే చేయనిస్తుంది వదినా. నాదైతే ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు."

"నన్ను అడగొచ్చుగా!"

"తూచనైనా తూచనిచ్చావా?"

మెంజియా చేతిలో చెక్కని తిరిగి మేకుకి తగిలించింది.

లూట్సి కొత్త చెక్కలో గొట్టం అమర్చి, స్క్రూలు బిగించి, అన్నయ్య పాత ఇనప దుర్బీను బదులు తన తేలిక దుర్బీను పెట్టాడు. తుపాకీని చూపుడు వేలి మీద అడ్డంగా నిలిపాడు. అది అటూ ఇటూ ఒకసారి ఊగి, బుద్ధిగా ఆగింది. వేలున్న చోట చెక్కలో చిన్న పల్లం ఉంది.

"అన్నయ్య చెయ్యి ఎక్కడుండేదో కాగితం పెట్టి గీసుకున్నాను. బరువంతా అక్కడే నిలుస్తుంది. ముందుకి తూలితే నీ ఎడమ భుజం మీద పడుతుంది కదా."

"దానికోసం మడమలో అరవై గ్రాముల సీసం కలపాల్సొచ్చింది అక్కా," అంది బార్బ్లా. "కలపడం! ఈయన! మూడు రోజులు సూపు ముట్టలేదు."

"మొత్తం మూడు కిలోల తొమ్మిది వందల తొంభై," అన్నాడు లూట్సి. "డాక్టరు లెక్కకి ఇంకా పది గ్రాములుంది. అది నీ ఇష్టం."

"మరి తన్నదా?"

"తన్నేది. నన్ను నలభైసార్లు తన్ని అలిసిపోయింది."

శనివారం గురి పరీక్షలో మూడు గుళ్లు వృత్తం మధ్యలో పడ్డాయి. నాలుగోది అంచు గీత మీద పడింది. పరీక్షాధికారి భూతద్దం తెచ్చి చూస్తుంటే, అవతల కంచె దగ్గర లూట్సి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "గీత తాకింది, పాస్," అన్నాక వదిలిన ఊపిరికి పక్కవాడి టోపీ కదిలిందని ఊళ్లో చెప్పుకుంటారు.

సెప్టెంబర్లో మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ జాకెన్ బండ దగ్గరికి ఎక్కారు. మెంజియా ముందు, భుజాన తుపాకీతో. లూట్సి వెనక, ఎప్పుడూ లేనంతగా రొప్పుతూ. ఆమె బండ మీద కూర్చుని, తుపాకీ ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెయ్యి ఆ పల్లంలో ఉంచింది. కింద రాళ్ల వాలులో నాలుగు కొండమేకలు మేస్తున్నాయి.

అప్పుడు చూసింది లూట్సి సంచి వైపు. మూతలోంచి తెల్లటి లేసు అంచు బయటికొచ్చింది.

"అందులో ఏమిటి?"

"ఏం లేదు."

"లూట్సీ."

లూట్సి సంచి తాడు విప్పాడు. పైన సగం పిడి పళ్ల బ్రష్షు. దాని కింద, బల్లగుడ్డలో, జాకెన్ పాత చెక్క, పాత ఇనప దుర్బీను.

"ఇవెందుకు మోసుకొచ్చావు? ఇక్కడ దేనికీ పనికిరావుగా!"

"అవి కూడా రావాలి కదా వదినా."

మెంజియా చెక్క వంక చూసింది. అతని వంక చూసింది.

"నా తుపాకీలోంచి తీసిందంతా నీ వీపు మీదకి ఎక్కించుకున్నావన్నమాట. ఎంతుంటుంది బరువు?"

లూట్సి ఎదుటి గట్టు వైపు చూపు తిప్పుకున్నాడు.

"తూచలేదు," అన్నాడు.

మెంజియాకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. ఆ నవ్వు లోయలో పడి, అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది. కింద కొండమేకలు నాలుగూ తలలెత్తి, ఒక్క ఉదుటున గట్టు దాటిపోయాయి.

"అయ్యో, పోయాయిరా!"

"పోనీలే," అన్నాడు లూట్సి, వీపు బండకి ఆనించి కాళ్లు చాపుకుంటూ. "ఒక్కోటి పాతిక కిలోల పైమాటే. కిందికి ఎవరు మోస్తారు?"